పద్నాలుగో జవాబు

డబ్బు వెనక్కి తీసుకుంటానని వచ్చిన మనిషిని తీసుకోనివ్వకుండా సాగనంపడంలో చరితను మించినవాళ్ళు ఆ ఫ్లోర్‌లో లేరు. ఇది ఆమె గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు గాని, గోడ మీది స్క్రీన్ మాత్రం రోజూ చెప్పేది. హాలిఫాక్స్ రేవుకు ఎదురుగా ఉన్న ఆ ఆఫీసులో నలభై మంది కూర్చుని, బ్లూ స్ప్రూస్ పోకర్ అనే ఆన్‌లైన్ పేకాట సైటు ఆటగాళ్ళకు చాట్‌లో జవాబులిస్తారు. విత్‌డ్రా కొట్టబోయి మనసు మార్చుకున్న ప్రతి ఆటగాడికీ ఏజెంటు పేరు పక్కన ఒక పచ్చ చుక్క పడుతుంది. దాన్ని ‘సేవ్’ అంటారు. ఎవరిని ఎవరి నుంచి కాపాడుతున్నారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ సోమవారం పొద్దున చరితకు ముప్పై చుక్కలున్నాయి. పక్క సీటు తారక్‌కీ ముప్పయ్యే.

“సమానంగా ఉండాం సూడు. శుక్రవారానికి నువ్వో నేనో తేలిపోతాది,” అన్నాడు తారక్, హెడ్‌సెట్ మెడకు తగిలించుకుని. అతనిది ప్రొద్దుటూరు. మూడేళ్ళుగా హాలిఫాక్స్ చలికి మాట కాస్త మెత్తబడింది గాని యాస పోలేదు.

“నీకెందుకా పోస్టు? నీ పీఆర్ వచ్చేసింది కదా.”

“జీతం ఎక్కువ గదా తల్లీ. మా ఇంటి అద్దె నువ్వు కడతావా?”

చరిత నవ్వింది గాని లోపల గుబులుగానే ఉంది. ఆమె వర్క్ పర్మిట్ ఇంకా పదమూడు నెలలే. పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేయాలంటే పన్నెండు నెలల అనుభవం కావాలి. చాట్ ఏజెంటు పని ఆ లెక్కలోకి రాదు. టీమ్ లీడ్ పోస్టయితే వస్తుంది. శుక్రవారం ఆ పోస్టు ఆమెకు వస్తే కాలం సరిపోతుంది, రాకపోతే పెట్టె సర్దుకోవడమే. ఇంతకంటే తిరకాసు ఏమీ లేదు.

ఆమె ముందు ఎప్పుడూ మూడు చాట్ కిటికీలు తెరిచి ఉంటాయి. ఒకతను పాస్‌వర్డ్ మర్చిపోతాడు, ఇంకొకతను ఓడిపోయి బూతులు తిడతాడు, మూడో మనిషి ఏమీ అడగకుండా వాతావరణం గురించి మాట్లాడతాడు. ముగ్గురికీ వరసగా జవాబులిస్తూ మధ్యలో టీ తాగాలి. జవాబులన్నీ ముందే రాసి పెట్టి ఉంటాయి. కీబోర్డు మీది వాలుగీత కొట్టి నంబరు కొడితే చాలు, పేరాకి పేరా వచ్చి పడుతుంది. బోనస్ ఉండగా డబ్బు అడిగినవాళ్ళకు పద్నాలుగో నంబరు.

పదకొండు గంటలకు మూడో కిటికీలో వీరభద్రరావు అనే పేరు వచ్చింది. ఊరు విండ్సర్. ఆమె గబుక్కున సర్దుకుని కూర్చుంది. ఆటగాళ్ళకు మాత్రం ఏజెంటు పేరు కనిపించదు, ‘ప్లేయర్ సపోర్ట్’ అన్న రెండు మాటలే కనిపిస్తాయి. భాష ఇంగ్లీషే వాడాలి.

ఆయన ముక్కలు ముక్కలుగా, ఆలోచించుకుంటూ టైప్ చేశాడు. నలభై ఒక్క రోజుల నుంచి, కార్ల సీట్లు కుట్టే ప్లాంటులో షిఫ్టుకి వెళ్ళబోయే ముందు రోజూ మూడు గంటలు కూర్చుంటున్నాడట. ఐదు వందల బోనస్ అని చూపించి ఇరవయ్యే ఇచ్చారు. బోనస్ ఎంత వచ్చిందో చూపే గీత కదలడం లేదు. మిషన్ పాడైందా? పాడవకపోతే తన నాలుగు వందల డెబ్బై తనకిచ్చేయమన్నాడు.

మిషన్ పాడవలేదు. పద్ధతే అంత. ఆయన ఐదు వందల డాలర్లు వేశాడు, సైటు దానికి సమానంగా ఇంకో ఐదు వందలు బోనస్ అంది. ఆ బోనస్ ఒక్కసారిగా చేతికి రాదు. డబ్బు పడి సాగిన ప్రతి ఆటలోనూ సైటు కొంత ఫీజు కోసుకుంటుంది. ఆటగాడి వాటాకి నలభై డాలర్ల ఫీజు పోగైతే బోనస్‌లోంచి పది డాలర్లు విడుదలవుతాయి. మళ్ళీ నలభై, మళ్ళీ పది. అరవై రోజుల్లో ఎంత వస్తే అంత, మిగతాది మాయం. మధ్యలో విత్‌డ్రా కొట్టినా మాయం. ఇదంతా షరతుల పేజీలో ఉంది. ఆ పేజీ చివరిదాకా చదివిన మనిషిని చరిత ఇంతవరకు చూడలేదు.

ఆయన ఆటల చరిత్ర తెరిచి చూసింది. వంద ఆటల్లో తొంభై మూడింటిలో మొదట్లోనే ముక్కలు పడేశాడు. పడేసిన ఆటకు ఫీజు లేదు, ఫీజు లేకపోతే బోనస్ లేదు.

“నేను అజాగ్రత్త మనిషిని కాను. ముక్కలు బాగాలేకపోతే డ్రాప్ చేస్తాను,” అని రాశాడాయన.

పోకర్‌లో ఎవరూ డ్రాప్ అనరు, ఫోల్డ్ అంటారు. డ్రాప్ అనేది రమ్మీ మాట. ఖమ్మంలో వాళ్ళ మేనత్త చాప మీద కూర్చుని, ‘మొదట్లో డ్రాప్ అయితే ఇరవై, మధ్యలో అయితే నలభై, కడదాకా పట్టుకుని వేలాడితే ఎనభై’ అని గద్దించడం చరిత చెవిలో ఇంకా ఉంది. పాపం, ఈయన పోకర్ టేబుల్ ముందు కూర్చుని నలభై ఒక్క రోజులు నిఖార్సైన రమ్మీ ఆడాడు. కూర్చున్నందుకు బోనస్ వస్తుందనుకున్నాడు, షిఫ్టులో గంటకింత వచ్చినట్టు.

ఆమెకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. చేతివేళ్ళు మాత్రం తమ పని తాము చేశాయి. గీత, పద్నాలుగు.

‘మీ బోనస్ మీకోసం ఎదురుచూస్తోంది! ఇప్పుడు డబ్బు తీసుకుంటే మిగిలిన 480 డాలర్ల బోనస్‌ను మీరు కోల్పోతారు. మరిన్ని ఆటల్లో పాల్గొంటే, కాస్త ఎక్కువ పందెం ఉండే పెద్ద టేబుళ్ళకు వెళితే బోనస్ త్వరగా విడుదలవుతుంది.’

దాని కింద ఆమె తన సొంత వాక్యం ఒకటి చేర్చింది. ఆమెకు చుక్కలు తెచ్చిపెట్టేవి ఆ సొంత వాక్యాలే. ‘ఇంత ఓపికగా ఆడినవారు, పంతొమ్మిది రోజులు మిగిలి ఉండగా వదులుకోవడం ఎందుకు సార్?’

రెండు నిమిషాల తర్వాత, “480 పోతుందా? వద్దు వద్దు. క్యాన్సిల్ చేయండి. థాంక్యూ,” అని వచ్చింది.

గోడ మీద ముప్పై ఒకటో చుక్క పడింది. తారక్ కుర్చీ తిప్పి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

*

బుధవారం పొద్దున వాన. డార్ట్‌మత్ నుంచి ఫెర్రీ ఎక్కి వచ్చేసరికి చరిత బూట్లు తడిసి ముద్దయ్యాయి. బల్ల కింద బూట్లు విప్పి, మేజోళ్ళ మీదే కూర్చుని పని మొదలుపెట్టింది. పదిన్నరకు వీరభద్రరావు పేరు మళ్ళీ వచ్చింది. ఖాళీగా ఉన్న ఏ ఏజెంటుకైనా వెళ్ళాల్సిన చాట్ అది. సరిగ్గా ఆమెకే వచ్చింది.

అకౌంటు తెరిచింది. నాలుగు వందల డెబ్బై ఉండాల్సిన చోట రెండు వందల పది ఉంది.

ఆయన మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. “సోమవారం మీవాళ్ళెవరో చెప్పింది కరెక్టే. పెద్ద టేబుల్‌కి వెళ్ళాను. గీత కదులుతోంది. మొత్తం అరవై వచ్చింది. ఇంకా ఎంత ఆడాలి? ఇవాళా రేపూ ఒంట్లో బాగాలేదని ప్లాంటుకి ఫోన్ చేసి చెప్పేశా. రోజంతా కూర్చోగలను. ఉన్నది సరిపోదంటే ఇంకో ఐదు వందలు వేయమంటారా?”

ఇంతకాలం డ్రాప్ చేస్తూ తన డబ్బును భద్రంగా దాచుకున్న మనిషి. చెత్త ముక్కలు పట్టుకుని పెద్ద టేబుల్ దగ్గర కూర్చోమన్నది ఎవరు? రెండు రోజుల్లో బోనస్‌లో నలభై వచ్చిందని సంబరపడుతున్నాడు. సొంత డబ్బులో పోయినదాని వంక చూడనే లేదు. చూడకుండా ఉండేలా రాసిన జవాబు మరి అది.

ఆమె టిష్యూ కాగితం మీద పెన్నుతో లెక్క వేసింది. మిగిలిన బోనస్ నాలుగు వందల నలభై. పదికి నలభై చొప్పున, అది రావాలంటే పదిహేడు వందల అరవై డాలర్ల ఫీజు కట్టాలి. వేసిన లెక్క మళ్ళీ ఒకసారి వేసింది. తప్పు లేదు.

“ఏంది, అంతసేపు? పద్నాలుగు కొట్టు,” అన్నాడు తారక్ అటునుంచే.

కొట్టింది. పేరా వచ్చి పడింది. చివర కర్సర్ టిక్కు టిక్కుమంటూ కొట్టుకుంటోంది. పంపే మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. శుక్రవారం గుర్తొచ్చింది, పర్మిట్ మీది తారీఖు గుర్తొచ్చింది. ఇప్పుడీయన డబ్బు తీసుకుని వెళ్ళిపోతే సోమవారం పడిన చుక్క కూడా పోతుంది. వారంలోపు ఆటగాడు వెళ్ళిపోతే అది సేవ్ కిందకు రాదు. అదంతా తెలుసు. తెలిసే ఆ పేరాను మొదటి అక్షరం దాకా తుడిచేసింది.

తర్వాత తనకు వచ్చిన ఇంగ్లీషులో, అలంకారాలేమీ లేకుండా రాసింది.

‘సార్, బోనస్ పెట్టెలో కనిపించే డబ్బు మీది కాదు. ఎప్పుడూ కాలేదు. ఈ రెండు వందల పది మీది. మిగతా బోనస్ 440 రావాలంటే మీరు 1,760 ఫీజు కట్టాలి. అది ఈ డబ్బులోంచే పోవాలి, సరిపోదు. ఇప్పుడు విత్‌డ్రా చేస్తే బోనస్ రద్దవుతుంది, కాని మీ సొంత డబ్బు ఒక్క సెంటు కూడా పోదు. ఇంకో ఐదు వందలు వేయకండి. దీనికోసం పని మానకండి.’

పంపేసింది.

నాలుగు నిమిషాలు. మిగతా రెండు కిటికీల్లో జనం తొందరపెడుతున్నారు. ఆమె వాళ్ళ వంక చూడలేదు.

“ఈ మాట చెప్పడానికి మీకు పర్మిషన్ ఉందా?” అని వచ్చింది చివరికి.

‘షరతుల పేజీలో ఆరో పేరాలో ఇదే ఉంది సార్. నేను తిన్నగా రాశాను, అంతే.’

అకౌంటులో రెండు వందల పది కాస్తా సున్నా అయింది, పక్కన ‘బ్యాంకుకు పంపబడింది’ అని పడింది. గోడ మీద చరిత చుక్క ఒకటి ఆరిపోయింది. తారక్ అది చూశాడు, ఆమెనూ చూశాడు. వేళాకోళం చేయబోయినవాడల్లా నోరు మూసుకుని తన కిటికీల వైపు తిరిగిపోయాడు.

ఆ రోజు నుంచి పద్నాలుగు కొట్టడం ఆమె వేళ్ళకు చేతకాలేదు. డబ్బు అడిగినవాళ్ళకల్లా ఆ టిష్యూ లెక్కే, అంకెలు మార్చి రాస్తూ పోయింది. కొందరు డబ్బు తీసుకుని వెళ్ళారు. కొందరు, ‘ఓహో, అదా సంగతి’ అని, నిదానంగా ఆడుకుంటామన్నారు. చుక్కలు మాత్రం పెరగలేదు.

*

శుక్రవారం ఒంటిగంటకు మేనేజరు హెదర్ మెక్‌ఐజక్ ఇద్దరినీ చిన్న గదిలోకి పిలిచింది. కేప్ బ్రెటన్ మనిషి, యాభై దాటినది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుక్కుంటుంది. మాట మెత్తన, లెక్క గట్టి.

“చుక్కలు తారక్‌వి ఎక్కువ. చాట్లు చదివితే మాట చరితది మంచిది,” అంది. “చుక్కలొక్కటే చూసి ఇచ్చే పోస్టు కాదిది. అందుకే తేల్చుకోలేకపోతున్నాను. ఇదిగో, నిన్న నాకొకటి దొరికింది.”

ఆమె ఒక కాగితం బల్ల మీద పెట్టింది. చాట్ ముగిశాక ఆటగాళ్ళు మార్కులు వేసి, కావాలంటే నాలుగు మాటలు రాయొచ్చు. ఐదుకి ఐదు నక్షత్రాలు. కింద పేజీ సగందాకా తెలుగు.

“బుధవారం నీ చాట్‌కి వచ్చింది. కంప్యూటరును అనువాదం చేయమంటే తలా తోకా లేకుండా చేసింది. పొగుడుతున్నాడని మాత్రం తెలుస్తోంది. మీ భాషే కదా. చదివి చెప్పు. బాగుంటే నా పని సులువవుతుంది.”

చరిత కాగితం తీసుకుని లోపల్లోపలే చదువుకుంది. చివరికి వచ్చాక ఆఖరి వాక్యాలు మళ్ళీ చదివింది. తారక్ పక్కనే ఉన్నాడు. కాగితం అతనికీ కనిపిస్తోంది. అతను కిటికీలోంచి రేవులో ఆగిన ఓడను చూస్తున్నట్టు నటించాడు, కాని చదివేశాడని ఆమెకు తెలుసు.

ఆ తర్వాత ఆమె ఒక్కో వాక్యం తెలుగులో చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. కాగితం మీద ఉన్నది ఇది:

‘మీరు ఆడో మగో, ఏ దేశం వారో తెలియదు. ఇది ఇంగ్లీషులో రాయడం నా వల్ల కాదు. మీలో ఎవరికైనా చదవడం వస్తే సరే, రాకపోయినా సరే. ఆ ఐదు వందలు నావే అనుకున్నాను. ఆశపడి ఆడలేదండీ, నాది పోతుందేమోనని భయపడి ఆడాను. నాది కాదని మీరు చెప్పిన నిమిషంలో భయం పోయింది. మధ్యాహ్నం ప్లాంటుకి ఫోన్ చేసి రేపు వస్తానని చెప్పాను.’

“చాలా బాగుంది,” అంది హెదర్. చెయ్యి కాగితం కోసం చాచింది.

ఇంకా రెండు వాక్యాలున్నాయి. అక్కడితో ఆపేస్తే అడిగే నాథుడు లేడు. తారక్ చెప్పడని ఎందుకో ఆమెకు నమ్మకంగా అనిపించింది. అంతకంటే భయంగా ఉంది, తను ఆపేస్తుందేమోనని.

“ఇంకా ఉంది,” అంది చరిత. “‘సోమవారం పెద్ద టేబుల్‌కి వెళ్ళమన్న మనిషి వల్ల రెండు వందల అరవై పోయాయి. ఆ మనిషి కనిపిస్తే ఇలా చేయొద్దని మీరైనా చెప్పండి.’”

చరిత కాగితం హెదర్ ముందు పెట్టింది.

“ఆ సోమవారం మనిషిని నేనే,” అంది.

చెప్పేశాక ఆమెకు ఏడుపు రాలేదు, హాయిగానూ అనిపించలేదు. బూట్లో దిగిన గులకరాయి తీసి పారేసినట్టుంది, అంతే. పోస్టు మాత్రం పోయిందని ఆమెకు తెలుసు.

హెదర్ నెత్తి మీది కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా బల్ల మీద పెట్టింది.

“సోమవారం చాట్ నేను చదివాను. ‘ఇంత ఓపికగా ఆడినవారు’ అన్న వాక్యం దగ్గర ఆగి, భలే రాసిందనుకున్నాను. దానికి నీకు మార్కులు కూడా వేశాను.” కాగితం తన వైపు తిప్పుకుంది. “ఆ పద్నాలుగో జవాబు రాసిందెవరో తెలుసా? ఆరేళ్ళ క్రితం, నేను. ఇదే గదిలో కూర్చుని.”

ఇద్దరూ ఆమె వంక చూశారు. హెదర్‌కి అలా చూడటం నచ్చలేదు, కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

“లీడ్ పోస్టు తారక్‌ది. చుక్కలు చుక్కలే, వాటిని నేను చెరపలేను. చరితా, నువ్వు ఉండు.”

తారక్ లేచాడు. తలుపు దగ్గర ఆగి తెలుగులో అన్నాడు. “నేనైతే సగమే చదివేవాణ్ణి. నిజంగా చెప్తాండా.” వెంటనే బయటికి వెళ్ళిపోయాడు.

“ట్రైనర్ పోస్టు వసంతకాలం నుంచి ఖాళీగా ఉంది,” అంది హెదర్. “లీడ్‌తో సమానమైన పోస్టే. నేనే నింపలేదు. ఎవరిని అడిగినా చుక్కలు తెచ్చుకోవడం ఎలాగో నేర్పుతున్నారు. కొత్తవాళ్ళకు ఈ బోనస్ ఎలా పనిచేస్తుందో నేర్పే మనిషి కావాలి నాకు. పద్నాలుగో జవాబు కూడా తిరగరాయాలి. నీ పేరు పంపుతాను. హెడ్డాఫీసు ఒప్పుకోవాలి మరి.”

వారం క్రితం అయితే చరిత కళ్ళనీళ్ళు పెట్టుకుని థాంక్యూ చెప్పి బయటపడేది. ఇప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఎప్పటిలోగా తెలుస్తుందండీ?”

“త్వరలోనే.”

“తారీఖు చెప్పండి. నా పర్మిట్‌కి పదమూడు నెలలే ఉంది. ఆలోగా ఏమేం చేస్తే వస్తుంది, ఏం చేస్తే పోతుంది, అది కూడా. రాకపోతే రాదని ముందే తెలిస్తే నేను వేరే చోట వెతుక్కుంటాను.”

హెదర్ ఆమెను ఒక క్షణం తేరిపార చూసి, ఫక్కున నవ్వింది. కాగితం ముక్క తీసుకుని పదిహేనో తారీఖు అని రాసింది. కింద రెండు షరతులు రాసింది, కొత్త జవాబు, పదిమందికి ఒక క్లాసు. ఇంకేమైనా ఉందా అని చరిత అడిగింది. లేదని, కింద సంతకం పెట్టి ఇచ్చింది. పదిహేనుకి వస్తే కాలం సరిపోతుంది. రాకపోతే ఆ మర్నాడే వెతకడం మొదలుపెట్టొచ్చు. ఎటు చూసినా నేల కనిపిస్తోంది, చరితకు ప్రాణం కుదుటపడింది.

“నేను ఆయనకు ఒక మాట రాయొచ్చా? తెలుగులో.”

“నాకు చదవడం రాదు కదా,” అంది హెదర్. అంటే రాసుకోమనే.

సీటుకు వచ్చి మూడు కిటికీలూ మూసేసింది. వీరభద్రరావు గారి అకౌంటు సున్నాతో ఇంకా తెరిచే ఉంది. కీబోర్డును తెలుగుకు మార్చడానికి కాసేపు పట్టింది. ఆ ఆఫీసులో ఆ పని అంతవరకు ఎవరూ చేయలేదు. ‘నమస్కారమండీ, నా పేరు చరిత. మీరు రాసింది చదివాను. సోమవారం మిమ్మల్ని పెద్ద టేబుల్‌కి వెళ్ళమన్న మనిషినీ నేనే. తప్పు చేశాను. క్షమించండి.’

పంపి, లేచి వెళ్ళి టీ తెచ్చుకుంది. వచ్చేసరికి జవాబు ఉంది.

‘అయ్యో, తెలుగమ్మాయివా! ఎంతసేపూ ఇంగ్లీషులో చంపుకు తిన్నావు కదమ్మా. ఏ ఊరు మనది?’

దాని కింద, కాస్త ఆలస్యంగా వచ్చినట్టు, ఇంకొకటి.

‘పోన్లే. సోమవారం నేనూ వేరే మనిషినే.’

ఆ వెంటనే మూడోది. ‘షిఫ్టుకి టైమైంది. ఊరు చెప్పు, బస్సులో చదువుకుంటా.’

చరిత టీ కప్పు పక్కన పెట్టి, ఖమ్మం అని టైప్ చేసింది.